రేడియోధార్మికత - పాఠశాల తెలుగు: కేంద్రక భౌతికశాస్త్ర పరిభాషపై ఒక విమర్శ

పారిభాషిక పదములను గూర్చి మన భాషాశాఖలలో జరుగుచున్న చర్చ పెక్కేండ్లుగా ఒకే ప్రశ్న చుట్టు తిరుగుచున్నది. పదము సంస్కృతమునుండి రావలయునా, ఆంగ్లమునుండి రావలయునా, అచ్చ తెనుగున పుట్టవలయునా? ఈ ప్రశ్న నిరర్థకమని మేమనము. కాని యిది పదముయొక్క పుట్టుకను విచారించునేగాని పదము చేయు పనిని విచారింపదు. విద్యార్థి యొక పదమును విన్నప్పుడు దానినుండి యేమి ఊహించుకొనును? ఆ యూహ శాస్త్రమునకు అనుకూలమా, ప్రతికూలమా? శాస్త్రపరిభాషకు ఇదియే మొదటి పరీక్ష కావలయునని మా యభిప్రాయము.

ఈ పరీక్షకు మేము కేంద్రక భౌతికశాస్త్రమును ఎన్నుకొనుటకు కారణము కలదు. నీరు, వేడిమి, వెలుతురు మున్నగువానిని గూర్చిన పాఠములలో పదము కొంత తప్పుదారి పట్టించినను అనుభవము దానిని సరిదిద్దును. రేడియోధార్మికతకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అది చెవికి వినబడదు, చేతికి తగులదు. ఆ విషయమునకు విద్యార్థికున్న ద్వారము పదమొక్కటియే. ద్వారము వంకరగా నున్నచో లోపలి యిల్లంతయు వంకరగానే కనబడును.

విమర్శకు పాఠకుడెవడో తెలియవలయును. మేము మా యెదుట నిలుపుకొన్న పాఠకుడు యర్రగొండపాలెములో తెలుగున చదువుకొనుచున్న పదునైదేండ్ల విద్యార్థి. ఆ యూరు నల్లమల యంచున నున్నది. అడవి లోపల పాలుట్ల వంటి చెంచుగూడెములు కలవు. ఒకవైపు త్రిపురాంతకము, వేరొకవైపు దోర్నాల మీదుగా శ్రీశైలము పోవు త్రోవ. కృష్ణ దాటినచో అమ్రాబాదు అడవులు. ఆ యడవులలో యురేనియము అన్వేషణ ప్రతిపాదన 2019లో గొప్ప అలజడికి హేతువైనది. ఆ యేడు సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము త్రవ్వకములు వలదని తీర్మానించినది. కావున ఈ విద్యార్థికి రేడియోధార్మికత పరీక్షలో వచ్చు ప్రశ్న మాత్రమే కాదు. రేపు గ్రామసభలో అతడు విని, అర్థము చేసికొని, ప్రశ్నింపవలసిన విషయము.

విషయము

పదములను పరీక్షించుటకు పూర్వము పదార్థమును సంగ్రహముగా స్మరించుట మేలు. 1896లో హెన్రీ బెక్వెరల్ యురేనియము లవణమును నల్లకాగితము చుట్టిన ఛాయాచిత్రఫలకముపై నుంచగా, సూర్యరశ్మి సోకకయే ఫలకము నల్లబడెను. 1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు పొలోనియము, రేడియము అను రెండు మూలకములను కనుగొనిరి. ఈ గుణమునకు పేరు పెట్టినవారును వారే. కొన్ని పరమాణువుల కేంద్రకములు స్థిరముగా నిలువజాలక, తమంతట తాము విడివడి, ఆల్ఫా, బీటా కణములను, గామా కిరణములను వెలువరించును. ఆల్ఫాకణమును ఒక కాగితము ఆపగలదు. బీటాకణమునకు కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియపు రేకు చాలును. గామాకిరణములను తగ్గించుటకు మందమైన సీసము వలయును. ఇట్లు విడివడిన పరమాణువు వేరొక మూలకముగా మారునని 1902లో రూథర్‌ఫర్డు, సాడీ నిరూపించిరి. 1911లో రూథర్‌ఫర్డు పరమాణువునకు నడుమ మిక్కిలి చిన్నదియు మిక్కిలి బరువైనదియునగు కేంద్రకము కలదని తేల్చెను. 1932లో చాడ్విక్ న్యూట్రానును కనుగొనెను. 1938 డిసెంబరులో హాన్, స్ట్రాస్‌మన్ అనువారు న్యూట్రాను తాకిన యురేనియమునుండి బేరియము పుట్టినట్లు గుర్తించిరి. దాని యర్థమును మైట్నరు, ఫ్రిష్ 1939లో వివరించిరి. పాఠశాలలో పరమాణు నిర్మాణముతో నారంభమై ఇంటర్మీడియట్ రెండవ యేట కేంద్రకము వరకు సాగు పాఠమునకు సారము ఇంతయే.

పరిభాష పుట్టిన తీరు

తెలుగున శాస్త్రవాఙ్మయమునకు పూనిక వహించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి 1906లో హైదరాబాదున వెలసెను. అప్పటికి రేడియోధార్మికత కనుగొనబడి పదేండ్లు. కొమర్రాజు లక్ష్మణరావుగారును వారి మిత్రులును శాస్త్రమును తెలుగున వ్రాయవచ్చునని ఋజువు చేసిరి. 1968లో తెలుగు అకాడమి స్థాపితమైన పిమ్మట పారిభాషిక పదకోశములు, కళాశాల పాఠ్యగ్రంథములు క్రమముగా వెలువడెను. నేడు మనము చర్చించు పదములకు స్థిరత్వము వచ్చినది అధికముగా ఆ కృషివలననే. ఆ ఋణమును మరచి విమర్శించుట న్యాయము కాదు.

అయినను ఒక విషయము గమనింపదగియున్నది. రేడియోధార్మికత కనుగొనబడిన 1896లోనే గొరగనమూడిలో జన్మించిన స్వామి జ్ఞానానంద లివర్‌పూలున చాడ్విక్ వద్ద పరిశోధన చేసి, అనంతరము ఆంధ్ర విశ్వకళాపరిషత్తున కేంద్రక భౌతికశాస్త్ర శాఖకు మూలపురుషుడయ్యెను. అనగా శాస్త్రము తెలుగునేలపైకి 1950 దశాబ్దిలోనే వచ్చినది. కాని ప్రయోగశాలలో భాష ఆంగ్లము. తెలుగు పదములు పుట్టినది ప్రయోగశాలలో కాదు, అనువాదపు బల్లపై. పనిముట్టు చేతబట్టినవాని నోట పుట్టిన పదమునకును, నిఘంటువు చేతబట్టినవాని కలమున పుట్టిన పదమునకును గల భేదము మన పరిభాషయందు అడుగడుగున కానవచ్చును.

అణువు, పరమాణువు, కేంద్రకము

మొదటి చిక్కు అణువుతోనే ఆరంభమగును. వైశేషికమున పరమాణువు అవిభాజ్యము. రెండు పరమాణువులు కూడి ద్వ్యణుకము, మూడు ద్వ్యణుకములు కూడి త్ర్యణుకము. గవాక్షమునుండి వచ్చు ఎండలో కదలాడు రేణువు త్ర్యణుకమునకు ప్రసిద్ధమైన దృష్టాంతము. ఆధునికులు ఈ సంప్రదాయమునుండి పరమాణువును మూలకపు కనీసభాగమునకును, అణువును పరమాణువుల కూటమికిని గ్రహించిరి. విభజన చక్కనిది. గ్రీకుభాషయందలి ఆటము అను మాటకు సైతము కోయరానిదనియే యర్థము. దానిని కోసినపుడు పాశ్చాత్యుల పదమునకు కలిగిన విపర్యాసమే మన పరమాణువునకును కలిగినది. ఇందు దోషము లేదు.

దోషము వేరొకచోట నున్నది. పాఠ్యపుస్తకమున అణువనగా పరమాణువుల కూటమి. నీటియణువునందు రెండు హైడ్రోజను పరమాణువులు, ఒక ఆక్సిజను పరమాణువు. కాని వార్తాపత్రికయందు అణుబాంబు, అణుశక్తి, అణువిద్యుత్కేంద్రము. ఇచ్చట విచ్ఛిన్నమగునది అణువును కాదు, పరమాణువును కాదు. పరమాణువు నడుమనున్న కేంద్రకము. అనగా లోకవ్యవహారము అసలు వస్తువునకు రెండు మెట్లు పైననున్న పేరును పట్టుకొన్నది. మంటలో అణువులు విడివడి క్రొత్తగా కూడుకొనును. కేంద్రకములకు ఏ మార్పును లేదు. బొగ్గు కాల్చిన వచ్చు శక్తికిని యురేనియమునుండి వచ్చు శక్తికిని గల భేదమంతయు ఈ యొక్క విషయముననే యున్నది. అణుశక్తి యను పేరు ఆ భేదమునే మరుగుపరచుచున్నది.

ఈ యంశమున పొరుగుభాషలు వేర్వేరు దారులు తొక్కినవి. హిందీ వ్యవహారమునను పరమాణుశక్తి యనియే యనుట వలన పత్రికకును పుస్తకమునకును వైరుధ్యము ఒక మెట్టు తగ్గినది. అరవమున అణువనియే పరమాణువునకు పేరు. కూటమికి వేరొక మాట యున్నది. కావున వైరుధ్యము లేదు. తెలుగున పుస్తకమొక త్రోవను, పత్రిక యొక త్రోవను పోయినవి. అణుబాంబు నేడు తెలుగువాని నాలుకపై నిలిచిన మాట. దానిని మార్చగలమనుకొనుట వ్యర్థము. కాని పాఠమున ఒక వాక్యమైన ఈ వైరుధ్యమును చెప్పవలయును. వైరుధ్యము దోషమైనను, దానిని దాచుట అంతకు మించిన దోషము.

రేడియోధార్మికత

ఇక ముఖ్యపదమును పరిశీలింతము. రేడియో అనునది కిరణమను నర్థముగల లాటిను ధాతువునుండి వచ్చినది. ధర్మమనగా గుణము, న్యాయశాస్త్రమున ధర్మము, ధర్మి యను వ్యవహారము ప్రసిద్ధము. కావున కిరణములను వెలువరించు ధర్మము కలిగియుండుట రేడియోధార్మికత. పండితునికి ఈ పదమున ఏ చిక్కును లేదు. పైగా ముచ్చటగానే యున్నది.

విద్యార్థి చెవిని బడినపుడు ఇందలి రెండు భాగములును అపార్థమునకే దారితీయును. రేడియో అనగా అతనికి తెలిసినది పాటలు పాడు పెట్టె. ధార్మికము అనగా త్రిపురాంతకేశ్వరుని యుత్సవమునకు వేసిన పందిటి బోర్డుపై కనబడు ధార్మికోపన్యాసము. శాస్త్రములందు గుణవాచకమైన ధర్మశబ్దము లోకమున పుణ్యవాచకమైనది. ధార్మికుడనగా గుణము కలవాడని తెలుగున ఎవరును అనుకొనరు. ఇట్లు రెండు తెలిసిన మాటలు చేరి తెలియని మాటగా మారినవి. తెలియని మాటకన్న ఇది ప్రమాదకరము. ఏలయన తెలియనిదానిని విద్యార్థి అడుగును, తెలిసినదనుకొన్నదానిని అడుగడు.

కన్నడమున దీనికి వికిరణశీలతయని పేరు. వికిరణమును వెలువరించు శీలము కలదని విన్నంతనే తెలియును. అరవమున కదిరియక్కమన్నారు, కదిరనగా కిరణము, ఇయక్కమనగా చలనము లేక వర్తనము. ఈ రెండును వేర్వేరు మూలములనుండి వచ్చినవే. ఒకటి సంస్కృతము, ఒకటి దేశ్యము. అయినను రెండును పరీక్షలో నెగ్గినవి. పదముయొక్క మంచిచెడ్డలు దాని కులముపై నాధారపడవని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనము వలదు. తెలుగున రేడియోధార్మికత స్థిరపడినది కావున దానిని తొలగింపుమని మేమనము. వికిరణశీలత యను పర్యాయమును మొదటి పరిచయమున ప్రక్కన నిలిపినచో చాలును.

క్షయము, ఆయువు

విడివడు క్రియకు మన పుస్తకములలో రెండు పేర్లు కలవు: క్షయము, విఘటనము. మొదటిది తెలుగునాట రోగనామము. అదియునుగాక క్షయమనగా కొంచెము కొంచెముగా తరుగుట. చంద్రుడు క్షయించును, కొండ క్షయించును. పరమాణువు అట్లు తరుగదు. అది విడివడు క్షణము వరకు చెక్కు చెదరక యుండి, ఒక్కపెట్టున విడివడును. విఘటనమను పేరు ఈ విషయమును చక్కగా తెలుపును. దానినే ఏకైకముగా వాడుట యుక్తము.

అంతకన్న సూక్ష్మమైన దోషము అర్ధజీవితకాలము, అర్ధాయువు అను పదములలో నున్నది. ఒక రాశిలోని పరమాణువులలో సగము విఘటనము చెందుటకు పట్టు కాలమునకు ఇది పేరు. రేడాను-222కు సుమారు 3.8 దినములు, పొలోనియము-210కి 138 దినములు, రేడియము-226కు సుమారు 1,600 ఏండ్లు, యురేనియము-238కి సుమారు 447 కోట్ల ఏండ్లు. పదమును నమ్మిన విద్యార్థి సగమాయువు 1,600 ఏండ్లైనచో నిండుటాయువు 3,200 ఏండ్లని లెక్క కట్టును. వాని తర్కమున దోషము లేదు. తర్కమునకు పునాదియైన పదమే యట్లు చెప్పినది. నిజమునకు 3,200 ఏండ్లకు నాలుగవ వంతు మిగులును, 4,800 ఏండ్లకు ఎనిమిదవ వంతు మిగులును. ఇట్లు సగములో సగముగా సాగుచుండును.

జీవితము, ఆయువు అనుమాటలు ఇంకొక అపోహను కలిగించును. ప్రాణికి ఆయువు గడచినకొలది చావు దగ్గరపడును. పరమాణువునకు ముసలితనము లేదు. నూరుకోట్ల ఏండ్లు నిలిచిన యురేనియము పరమాణువునకును, నిన్న పుట్టిన దానికిని, రేపు విడివడుటకు గల అవకాశము సమానమే. ఏది యెప్పుడు విడివడునో చెప్పలేము; ఎన్ని విడివడునో మాత్రము చెప్పగలము. కేంద్రక భౌతికశాస్త్రమున తత్త్వజిజ్ఞాసువు నిలిచి యాలోచింపదగిన అంశమిది. ఆయుశ్శబ్దము దానినే కప్పివేయుచున్నది. సగమగు కాలము అని సామాన్యముగా చెప్పినచో ఈ అపోహ పుట్టదు. అందము తగ్గినదని పండితులనవచ్చును. కాని పరిభాషకు అందము రెండవ గుణము.

ఈ కాలగణనమునకు మా విద్యార్థి చేతిలోనే ఉదాహరణము కలదు. మార్కాపురపు పలకరాయి తెలుగుదేశపు బడిపిల్లలు తరతరములుగా అక్షరములు దిద్దిన రాయి. కడప శిలాద్రోణికి చెందిన ఈ పలకరాళ్ల వయస్సు నూరుకోట్ల ఏండ్లకు మించినది. అదే ద్రోణిలో పులివెందుల ప్రాంతమున చొచ్చుకొనివచ్చిన అగ్నిశిలల వయస్సు సుమారు 190 కోట్ల ఏండ్లని రేడియోధార్మిక విఘటనము ఆధారముగనే నిర్ణయించిరి. యురేనియము-238 ఎనిమిది ఆల్ఫా, ఆరు బీటా విఘటనములను దాటి తుదకు సీసము-206గా స్థిరపడును. ఖనిజమున మిగిలిన యురేనియమెంత, పుట్టిన సీసమెంత యని తూచినచో శిలయొక్క వయస్సు తేలును. భయమునకు మాత్రమే పేరుపడిన శాస్త్రము భూమికి జాతకము వ్రాయు శాస్త్రము గూడనని పలక చేతబట్టిన పిల్లవానికి ఏ పాఠ్యపుస్తకమైనను చెప్పవచ్చును.

విచ్ఛిత్తి, గొలుసు, మితకారి

మన పరిభాషలో మెచ్చదగిన పదములు లేకపోలేదు. కేంద్రక విచ్ఛిత్తి అట్టిది. ఫ్రిష్ ఈ క్రియకు ఆంగ్లమున పేరు పెట్టునపుడు జీవశాస్త్రమున కణము రెండగుటకు వాడు మాటను అరువు తెచ్చుకొనెను. తెలుగున అమీబా ద్విధావిచ్ఛిత్తి చెందునని చదివిన విద్యార్థికి కేంద్రక విచ్ఛిత్తి అదే బొమ్మను చూపును. సంలీనమను ప్రతిపదమును అట్టిదే; రెండు కేంద్రకములు కూడి ఒకటగుట వినినంతనే స్ఫురించును. ఈ జంటపదములు ప్రయత్నించినచో మన పరిభాష యెంత యెత్తు అందగలదో నిరూపించుచున్నవి.

గొలుసుచర్య యను పేరు మరియొక విధముగా ఆలోచింపజేయును. గొలుసున ఒక కడియమునకు మరియొకటి మాత్రమే తగులుకొనియుండును. విద్యుత్కేంద్రపు రియాక్టరునందు జరుగునది సరిగా ఇట్టిదే. ఒక విచ్ఛిత్తినుండి వెలువడిన న్యూట్రానులలో సగటున ఒకటి మాత్రమే మరియొక విచ్ఛిత్తిని కలిగించునట్లు ఏర్పాటు చేయుదురు. బాంబునందు ఒకటి రెండై, రెండు నాలుగై, కొమ్మలు విస్తరించును. అది గొలుసు కాదు, వృక్షము. ఉపాధ్యాయుడు ఈ భేదమును చెప్పినచో ఒక్క ఉపమానముతోనే విద్యుత్తునకును వినాశమునకును గల అంతరము బోధపడును.

మితకారి యను పదము మాత్రము పరీక్షలో పూర్తిగా తప్పినది. భారజలము, గ్రాఫైటు మున్నగువానిని రియాక్టరులలో మితకారులుగా వాడుదురు. మితము చేయునది యనగా చర్యను తగ్గించునదియే గదా యని విద్యార్థి యనుకొనును. నిజము దీనికి విపరీతము. మితకారి తగ్గించునది న్యూట్రానుల వేగమును. వేగము తగ్గిన న్యూట్రానే యురేనియము-235 కేంద్రకమును సులభముగా విచ్ఛిన్నము చేయగలదు. సహజ యురేనియమున ఈ 235 నూటికి 0.7 వంతు మాత్రమే. మితకారి లేకున్నచో దానిలో గొలుసుచర్య సాగనే సాగదు. చర్యను అదుపుచేయునవి వేరుగానున్న నియంత్రణ కడ్డీలు. మితకారియను పేరు విని, దానిని తీసివేసినచో చర్య పేలునని విద్యార్థి వ్రాసినచో తప్పు వానిది కాదు. వేగహరము అనియో, సామాన్యముగా న్యూట్రాను నెమ్మదింపునది అనియో చెప్పినచో ఈ యనర్థము తప్పును. మణుగూరున భారజల కర్మాగారము, హైదరాబాదున కేంద్రక ఇంధన సముదాయము ఉన్న తెలుగుసీమలో ఈ యొక్క పదమునైన సరిదిద్దుకొనకుండుట విచారకరము.

లేని పదములు

ఇంతవరకు ఉన్న పదములను విమర్శించితిమి. లేని పదములవలన కలుగు హాని అంతకన్న పెద్దది. మూడు విషయములను వేరుగా చూపవలయును: ఒకటి, పదార్థముయొక్క గుణము, రెండు, ఆ పదార్థమునుండి వెలువడి మనలను తాకు కిరణము, మూడు, ఆ పదార్థమే మన చర్మమునకో, ఆహారమునకో, నీటికో చేరుట. మొదటిది రేడియోధార్మికత. రెండవది వికిరణము. మూడవదానికి కాలుష్యమను సాధారణపదము తప్ప వేరు లేదు. సామాన్య రచనలలో ఈ మూడింటికిని రేడియేషను అను ఒక్కమాటయే వాడబడుచున్నది.

తెలుగున ఈ భేదమును తెలుపు క్రియలు లేకపోలేదు. ఎండ తగులును; బురద అంటును. ఎండ తగిలినవాడు నీడకు వచ్చిన చాలును. బురద అంటినవాడు కడుగుకొనవలయును. కిరణము తగులును, పదార్థము అంటును అని పాఠమున ఆద్యంతము ఈ రెండు క్రియలను నియమముగా వాడినచో, నిఘంటువునకు ఒక్క క్రొత్తపదమైనను చేర్చకయే భేదము స్థిరపడును. అంటు అను మాటకు మన సమాజమున గల క్రూరమైన చరిత్ర మాకు తెలియును. కనుకనే మనిషికి కాక పదార్థమునకే అది చెందునట్లు వాక్యమును కూర్పవలయును.

ఈ భేదము పండితుల వినోదము కాదు. కాన్సరు రోగికి బయటినుండి యంత్రముద్వారా కిరణచికిత్స చేసినచో అతని శరీరము రేడియోధార్మికము కాదు. అతని ప్రక్కన కూర్చుండవచ్చును. మనుమని ఒడిలోనికి తీసికొనవచ్చును. శరీరములోనికి మందుగా రేడియోధార్మిక పదార్థమును ఇచ్చు చికిత్సలు వేరు. వానికి కొన్నాళ్ల జాగ్రత్తలు వలయును. రెండింటికిని రేడియేషనని ఒకే పేరు పెట్టిన పాఠము చదివిన పిల్లవాడు, ఆసుపత్రినుండి తిరిగి వచ్చిన అవ్వ దగ్గరకు పోవచ్చునా కూడదా యను ప్రశ్నకు ఉత్తరము చెప్పజాలడు. తప్పు ఉత్తరము చెప్పినచో ఆ ముసలిది తన యింటనే వెలియగును.

విచిత్రమేమనగా, చదువురాని జనులు ఈ బయటి చికిత్సకు పెట్టుకొన్న పేరు మన పరిభాషకన్న మెరుగైనది. వారు దానిని కరెంటు పెట్టించుకొనుట యందురు. శాస్త్రరీత్యా ఆ మాట సరికాదు. రోగికి పెట్టునది విద్యుత్తు కాదు. కాని ఆ మాటనుండి పుట్టు ఊహ సరియైనది. కరెంటు మీట ఆర్పినచో పోవును. పెట్టించుకొన్నవాని ఒంట నిలువదు. వానిని తాకినవానికి రాదు. పదము తప్పు, ఊహ ఒప్పు. మన పుస్తకములలో పదము ఒప్పు, ఊహ తప్పు. పరిభాషను పుట్టుకచేత గాక పనిచేత కొలువవలయునని మొదట మేమన్నమాటకు ఇంతకన్న బలమైన సాక్ష్యము మాకు కానరాలేదు.

నల్లమలకు కావలసిన మాటలు

యురేనియము విషయమునను ఇట్లే. కడప జిల్లా తుమ్మలపల్లె వద్ద యురేనియము శుద్ధి కర్మాగారము 2012లో పని ప్రారంభించినది; నల్గొండ జిల్లా లంబాపురము, పెద్దగట్టు పరిసరములలో నిక్షేపములు గుర్తింపబడినవి. ఇట్టిచోట ప్రజ అడుగవలసిన ప్రశ్నలు వేర్వేరు. రాతిలో కదలక యున్న యురేనియమొకటి. గనిలోని గాలిలో చేరు రేడాను వాయువొకటి. శుద్ధిచేసిన పిమ్మట మిగులు వ్యర్థపు బురద వేరొకటి. యురేనియమును తీసికొనినను ఆ బురదలో దాని సంతతియైన థోరియము-230, రేడియము-226 నిలిచియుండుటచే మొదటి రేడియోధార్మికతలో అధికభాగము అందే మిగులును. అదిగాక నీటిలో కలిసిన యురేనియము మూత్రపిండములకు హానికరము. ఈ హాని కిరణమువలన కాదు, భారలోహపు విషగుణమువలన. అన్నిటిని రేడియేషనని ఒకేమాటతో కట్టివేసినచో భయపడువాడు దేనికి భయపడవలయునో యెరుగడు. ధైర్యము చెప్పువాడు దేనికి బాధ్యుడో తేలదు.

త్రవ్వవలయునా వలదా యను నిర్ణయము ఈ వ్యాసపరిధిలోనిది కాదు. ఆ నిర్ణయమున పాల్గొనవలసినవారికి మాటలు కావలయుననుట మాత్రము మా పరిధిలోనిదే. మార్కాపురము, కనిగిరి ప్రాంతముల జనులకు కంటికి కనబడని విషము క్రొత్తకాదు. బావినీటి ఫ్లోరైడు ఎముకలను వంచుట వారెరుగుదురు. అచ్చటి ఉపాధ్యాయుడు ఫ్లోరైడుతో పాఠమును ఆరంభింపవచ్చును. ఫ్లోరైడునందలి ఫ్లోరిను కాలము గడచినను తరుగదు. రేడియోధార్మిక పదార్థము తన లెక్క ప్రకారము తరుగును. రెంటియందును చూపు పనికిరాదు, కొలత పనికివచ్చును. ఎంత యను ప్రశ్న లేక విషమా కాదా యనుట అసంగతము. ప్రతి మనుష్యుని శరీరమునందును సహజముగానే పొటాసియము-40 కలదు. దాని పరమాణువులు సెకనుకు సుమారు 4,000 విడివడుచుండును. ఉన్నదా యని గాక ఎంతయున్నదని అడుగుట నేర్పినచో పాఠము సఫలము.

ఫలితము

ఈ పరిశీలనవలన తేలిన యంశములు మూడు. స్థిరపడిన పదము అపోహకు హేతువైనచో దానిని పెకలింపనక్కరలేదు. మొదటి ప్రస్తావనలోనే ఆ అపోహను నివారించు వాక్యమును ప్రక్కన నిలుపవలయును. రేడియోధార్మికత, అణుశక్తి ఈ కోవకు చెందినవి. మితకారి, క్షయము, అర్ధాయువు వంటివి ఇంకను పుస్తకమునే దాటని పదములు. వానిని మార్చుట సాధ్యము, మార్చుట కర్తవ్యము. వికిరణము తగులుటకును పదార్థము అంటుటకును గల భేదమును తెలుగుక్రియలతోనే నియమబద్ధము చేయవలయును.

ఆంధ్రప్రదేశమున ఇటీవలి ద్విభాషా పాఠ్యపుస్తకములలో ఒకపుట తెలుగు, ఎదుటిపుట ఆంగ్లము. తెలుగుపుట తడబడినచో విద్యార్థి ఆంగ్లపుటకు పోవును. అదియు తెలియనిచో రెండు పుటలను మూసివేయును. భాభా అణు పరిశోధన కేంద్రమున పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటివారు శాస్త్రమును తేటతెలుగున వ్రాసి, శాస్త్రజ్ఞుని కలమున తెలుగు తడబడదని చూపియున్నారు. అట్టి రచనలలోని వాక్యములను పదకోశములతో సరిపోల్చి, ఏ పదము ఏ యూహను కలిగించుచున్నదో పాఠశాలలలో ప్రత్యక్షముగా పరీక్షించుట తెలుగు శాఖల పరిశోధక విద్యార్థులకు తగిన పని. ఇంతవరకు మన పరిశోధన పదములు ఎచ్చటనుండి వచ్చినవో వెదకినది. అవి ఎచ్చటికి చేర్చుచున్నవో వెదకుట ఇకపైన ఆరంభము కావలయును. ఆ వెదకులాట యర్రగొండపాలెపు తరగతిగదిలో మొదలైనను చిన్నతనము లేదు.